ఆటోమేటిక్ కారులో ఇంధన పొదుపు: నడిపే తీరే కీలకం

క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ కారు నగర రద్దీలో ఎడమ కాలికి విశ్రాంతినిస్తుంది. ఏ వేగంలో ఏ గేరు ఉండాలన్న నిర్ణయాన్ని కారులోని నియంత్రణ వ్యవస్థే తీసుకుంటుంది. అందువల్ల మైలేజీ ఇక తమ చేతిలో లేదని చాలామంది వాహనదారులు భావిస్తారు. వాస్తవం ఇందుకు భిన్నం. ఆ వ్యవస్థ ప్రధానంగా రెండు అంశాలను చూసి గేరును ఎంచుకుంటుంది. మొదటిది కారు వేగం. రెండోది యాక్సిలరేటర్‌ను నొక్కిన తీరు. గేరు మార్చేది యంత్రమే అయినా, ఎప్పుడు మార్చాలో సూచించేది నడిపేవారి కుడి పాదమే.

ఈ పొదుపు విలువ ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 14 కిలోమీటర్లు ఇస్తే సుమారు 857 లీటర్ల పెట్రోలు అవసరమవుతుంది. అదే కారు 16 కిలోమీటర్లు ఇస్తే 750 లీటర్లు సరిపోతాయి. మిగిలే 107 లీటర్లు, లీటరు 105 రూపాయల చొప్పున లెక్కించినా, 11 వేల రూపాయలకు పైమాటే. ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన దాదాపు 250 కిలోల ఉద్గారాలు తగ్గుతాయి. ముడి చమురు అవసరాల్లో 85 శాతానికి పైగా దిగుమతులపైనే ఆధారపడిన దేశానికి కూడా ఇది ప్రయోజనకరం.

ఆటోమేటిక్‌లన్నీ ఒకటి కావు

భారత్‌లో ప్రధానంగా నాలుగు రకాల ఆటోమేటిక్ గేరు వ్యవస్థలు వాడుకలో ఉన్నాయి. మారుతీ సుజుకీ సెలెరియోతో 2014లో చిన్న కార్ల విభాగంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మాన్యువల్ గేరుబాక్సే. అందులో క్లచ్‌ను, గేరును మనిషికి బదులు యంత్ర పరికరాలు కదిలిస్తాయి. అందువల్ల దాని ఇంధన వినియోగం మాన్యువల్ కారుకు దగ్గరగా ఉంటుంది. సీవీటీలో స్థిరమైన గేర్లు ఉండవు. పుల్లీల మధ్య తిరిగే బెల్టు లేదా గొలుసు నిష్పత్తిని నిరంతరం మారుస్తూ ఉంటుంది. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజిన్ శక్తి ద్రవం ద్వారా గేరుబాక్సుకు చేరుతుంది. ఈ క్రమంలో కొంత శక్తి వృథా అవుతుంది. వేగం నిలకడగా ఉన్నప్పుడు లోపలి లాకప్ క్లచ్ బిగుసుకుని ఆ వృథాను అరికడుతుంది. డ్యూయల్ క్లచ్ రకంలో రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేస్తూ గేర్లను వేగంగా మారుస్తాయి.

యంత్ర నిర్మాణం ఏదైనా సూత్రం ఒక్కటే. తక్కువ ఇంజిన్ భ్రమణాలతో, నిలకడైన వేగంతో సాగే ప్రయాణం ఇంధనాన్ని ఆదా చేస్తుంది.

మెల్లగా నొక్కితే ముందే గేరు మార్పు

యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా లోతుగా నొక్కితే, ముందున్న వాహనాన్ని దాటడానికి అదనపు శక్తి కావాలని నియంత్రణ వ్యవస్థ అర్థం చేసుకుంటుంది. వెంటనే గేరును ఒకటి రెండు మెట్లు తగ్గించి ఇంజిన్ వేగాన్ని పెంచుతుంది. మృదువుగా, క్రమంగా నొక్కితే పై గేరుకు త్వరగా మారుతుంది. సాధారణ పెట్రోలు కారులో టాకోమీటరు ముల్లు 2,500 దాటకుండా చూసుకోవడం రోజువారీ ప్రయాణానికి మంచి కొలమానం.

ఏఎంటీ కార్లలో గేరు మారే వేళ పాదాన్ని కాస్త సడలిస్తే కుదుపు తగ్గుతుంది, పై గేరు త్వరగా పడుతుంది. సీవీటీలో హఠాత్తుగా నొక్కితే ఇంజిన్ శబ్దం పెరిగినంతగా వేగం పెరగదు. కావలసిన వేగం అందుకున్నాక పాదాన్ని కొద్దిగా వెనక్కి తీస్తే భ్రమణాలు వెంటనే దిగివస్తాయి. స్పోర్ట్ మోడ్ గేర్ల మార్పును ఆలస్యం చేస్తుంది కాబట్టి నగరంలో దాని అవసరం ఉండదు. ఎకో మోడ్ యాక్సిలరేటర్ స్పందనను మందగింపజేసి నడిపేవారికి తోడ్పడుతుంది. అయితే ఇతర వాహనాలను దాటాల్సినప్పుడు, రహదారిలో కలిసేటప్పుడు తగినంత శక్తి వాడుకోవడమే క్షేమం.

దూకుడుగా వేగం పెంచడం, గట్టిగా బ్రేకు వేయడం వల్ల మైలేజీ హైవేపై 15 నుంచి 30 శాతం వరకు, ఆగుతూ సాగే రద్దీలో 10 నుంచి 40 శాతం వరకు తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ అంచనా వేసింది.

బ్రేకు పడిన ప్రతిసారీ ఇంధన నష్టం

కారుకు వేగాన్నిచ్చిన శక్తి పెట్రోలు నుంచి వచ్చినదే. బ్రేకు వేసిన ప్రతిసారీ అది వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. అందువల్ల ముందుచూపే అసలైన పొదుపు. నాలుగైదు వాహనాల అవతల ఏం జరుగుతోందో గమనించాలి. దూరంలో ఎర్ర దీపం కనిపించగానే యాక్సిలరేటర్ నుంచి పాదం తీసి కారును సహజంగా నెమ్మదించనివ్వాలి. సెకన్లు చూపించే సిగ్నళ్లు ఉన్న నగరాల్లో ఇది మరింత సులువు.

ఇందులో మరో ప్రయోజనం ఉంది. నేటి కార్లలో గేరు పడి ఉండగా యాక్సిలరేటర్‌ను పూర్తిగా వదిలేస్తే, ఇంజిన్ భ్రమణాలు ఒక స్థాయికి పైన ఉన్నంతసేపు ఇంధన సరఫరా నిలిచిపోతుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. వేగం బాగా తగ్గాక సరఫరా తిరిగి మొదలవుతుంది.

న్యూట్రల్‌లో దిగడం ప్రమాదకరం

వాలు దారుల్లో న్యూట్రల్‌లో వేసి దిగితే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకం ఇప్పటికీ బలంగా ఉంది. న్యూట్రల్‌లో ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. గేరులో ఉండి పాదం తీస్తే ఆ ఖర్చు కూడా ఉండదు. స్వల్పమైన వాలులో న్యూట్రల్‌లో కారు మరికొంత దూరం దొర్లవచ్చు. కానీ దానికి చెల్లించాల్సిన మూల్యం పెద్దది. న్యూట్రల్‌లో ఇంజిన్ నిరోధం పూర్తిగా పోతుంది. భారమంతా బ్రేకులపైనే పడుతుంది. సుదీర్ఘమైన వాలులో బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోయే ప్రమాదం ఉంది.

తిరుమల, శ్రీశైలం, అరకు వంటి ఘాట్ రోడ్లపై దిగేటప్పుడు ఎల్, 2 లేదా మాన్యువల్ మోడ్‌లో తక్కువ గేరును ఎంచుకోవాలి. ఇంజిన్ శబ్దం పెరిగినా ఇంధనం వృథా అవుతోందని భయపడనక్కరలేదు. కదులుతున్న కారులో ఇంజిన్‌ను ఆపివేయడం మరింత అపాయకరం. బ్రేకుకు, స్టీరింగుకు అందే యంత్ర సహాయం ఆగిపోయి అవి బిగుసుకుంటాయి.

ఎక్కుడు దారిలో ఆగినప్పుడు కారు వెనక్కి జారకుండా యాక్సిలరేటర్‌తో పట్టి ఉంచే అలవాటు కూడా మంచిది కాదు. ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ కార్లలో దీనివల్ల ఇంధనంతో పాటు క్లచ్ కూడా అరిగిపోతుంది. బ్రేకు పెడల్‌ను గానీ హ్యాండ్ బ్రేకును గానీ వాడాలి.

ఆగి ఉన్నప్పుడు

నిలిచి ఉన్న కారు ఇంజిన్ పరిమాణాన్ని, ఏసీ వాడకాన్ని బట్టి గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరుకు పైగా ఇంధనం తాగుతుంది. ఆ సమయంలో మైలేజీ సున్నా. కొద్ది సెకన్ల విరామానికి డీలో ఉంచి బ్రేకు నొక్కి పట్టుకుంటే చాలు. ఎక్కువసేపు ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు వేసి, లివర్‌ను పార్క్ లేదా న్యూట్రల్‌కు మార్చి ఇంజిన్‌ను ఆపడం మేలు. ఆటో స్టార్ట్ స్టాప్ సదుపాయం ఉన్న కార్లలో ఈ పని దానంతటదే జరుగుతుంది. ఉదయం కారు తీసేటప్పుడు ఇంజిన్ వేడెక్కడం కోసం నిమిషాల తరబడి ఆగనవసరం లేదు. మొదటి కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే సరిపోతుంది.

వేగం, ఏసీ, టైర్లు

గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కు చేరితే వేగం పెరిగేది 25 శాతమే అయినా, గాలి నిరోధం సుమారు 56 శాతం అధికమవుతుంది. పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం పొదుపు కోసం గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగాన్ని సూచిస్తోంది. హైవేలపై అంత నెమ్మది అన్నిచోట్లా సాధ్యం కాదు, సురక్షితమూ కాదు. అయితే అక్కడ 100కు బదులు 80 ప్రాంతంలో నిలకడగా ఎడమ వరుసలో సాగితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎండలో నిలిపిన కారులో ముందుగా అద్దాలు దించి వేడి గాలిని బయటకు పోనిచ్చి, తర్వాత ఏసీని లోపలి గాలే తిరిగే పద్ధతిలో పెట్టాలి. తక్కువ వేగంలో అద్దాలు తెరవడం పొదుపే గానీ, హైవే వేగంలో అవి గాలి నిరోధాన్ని పెంచుతాయి. టైర్ల గాలిని రెండు వారాలకోసారి, ప్రయాణానికి ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు తనిఖీ చేయాలి. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు పక్కన చట్రంపై ముద్రించి ఉంటుంది. డిక్కీలో అనవసరమైన 45 కిలోల బరువు మైలేజీని సుమారు ఒక శాతం తగ్గిస్తుంది. వాడని రూఫ్ క్యారియర్‌ను తీసివేయడం మంచిది.

ప్రకటిత మైలేజీ, వాస్తవ మైలేజీ

కంపెనీలు ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో రోలర్లపై నిర్ణీత వేగక్రమంతో కొలిచినది. వాహనాల మధ్య పోలికకు అది ఉపయోగపడుతుందే తప్ప రద్దీని, గుంతలను లెక్కలోకి తీసుకోదు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ప్రభావం కూడా ఉంటుంది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్‌లో శక్తి సుమారు మూడో వంతు తక్కువ. ఈ మిశ్రమం వల్ల ఇంధన సామర్థ్యం 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన పాత కార్లలో 6 నుంచి 7 శాతం, 20 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది.

అలవాట్ల ఫలితం తెలుసుకోవాలంటే ప్రకటిత అంకెతో కాక, సొంత కారు పాత లెక్కతోనే పోల్చుకోవాలి. బంకులో పంపు తనంతట ఆగేవరకు నింపించి ఓడోమీటరు అంకె రాసుకోవాలి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ అలాగే నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగించాలి. రెండు మూడు ట్యాంకుల సగటు చూస్తే కుడి పాదం ఎంత ఆదా చేసిందో తెలిసిపోతుంది.