గణితం పక్కనబెట్టిన తత్వవేత్త

'పరిశోధన చేస్కునేవాడికి ఉద్యమం ఎందుకు?' యూనివర్సిటీల్లో దళిత విద్యార్థులకి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. మైకేల్ డమ్మెట్ (1925–2011) జీవితంలో దీనికొక జవాబుంది.

డమ్మెట్ మనలాగా మొదటితరం చదువరి కాదు. వించెస్టర్‌లో, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన తెల్లవాడు. 1962 నుంచి 1974 దాకా ఆక్స్‌ఫర్డ్‌లో గణిత తత్వశాస్త్రంలో రీడర్. గణితంలో ఒక మాట నిజం అంటే అర్థమేమిటన్నది ఆయన ప్రశ్న. రెండుకన్నా పెద్దదైన ప్రతి సరిసంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనని గోల్డ్‌బాక్ ఊహ. దాన్ని ఎవరూ రుజువు చెయ్యలేదు, తప్పనీ తేల్చలేదు. అయినా అది నిజమో అబద్ధమో ఇప్పటికే తేలిపోయి ఉంటుందని మనం మామూలుగా అనుకుంటాం. రుజువు లేకుండా అట్లా అనే హక్కు ఎక్కడిదని డమ్మెట్ నిలదీశాడు.

ఆయన జీవితమంతా చదివింది జర్మన్ తర్కవేత్త ఫ్రేగేని. ఫ్రేగేపై తొలి పుస్తకం 1973లో గానీ రాలేదు. ఆలస్యానికి కారణం ముందుమాటలో ఆయనే చెప్పాడు. 1960ల్లో బ్రిటన్‌లో జాతివివక్షతో పోరాడటం పుస్తకంకన్నా ముఖ్యమనిపించింది. బ్రిటిష్ పాస్‌పోర్టులున్న కెన్యా ఆసియావాళ్లని అడ్డుకునే చట్టాన్ని 1968లో పార్లమెంటు మూడు రోజుల్లో చేసేసిన కాలమది. భార్య ఆన్‌తో కలిసి ఆయన వలసవచ్చినవాళ్ల పక్షాన నిలబడ్డాడు.

ఆ ముందుమాటలోనే ఇంకో చేదు నిజముంది. ఫ్రేగే 1924 నాటి డైరీ నిండా యూదులమీద ద్వేషం. డమ్మెట్ దాన్ని దాచలేదు, ఫ్రేగే తర్కాన్నీ పారెయ్యలేదు. మేధస్సు వేరు, మనిషితనం వేరు. 'మెరిట్' పేరుతో మనల్ని కొలిచేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

1979 ఏప్రిల్ 23న లండన్‌లోని సౌతాల్‌లో నేషనల్ ఫ్రంట్ సభకి వ్యతిరేకంగా జనం కదిలారు. ఆ రోజు పోలీసు దాడిలో తలకి దెబ్బ తగిలి బ్లెయిర్ పీచ్ అనే టీచరు చనిపోయాడు. ప్రభుత్వం బహిరంగ విచారణ వెయ్యలేదు. అనధికార విచారణ కమిటీ ఏర్పడితే దానికి డమ్మెట్ అధ్యక్షుడయ్యాడు. 1980లో నివేదిక ఇచ్చారు. కొట్టింది పోలీసే అయ్యుండొచ్చన్న పోలీసుల సొంత నివేదిక 2010లో గానీ బయటికి రాలేదు.

మరి చదువు చెడిందా? 1979లోనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో తర్కశాస్త్ర ప్రొఫెసర్ అయ్యాడు. ఫ్రేగే గణిత తత్వంపై పుస్తకం 1991లో వచ్చింది.

తేడా ఒకటుంది. వివక్షమీద పోరాటం ఆయన కోరి ఎంచుకున్నది, మనకి పుట్టుకతో వచ్చింది. ఆయన పుస్తకం ఆలస్యమైతే లోకం ఎదురుచూసింది. మన థీసిస్ ఆలస్యమైతే ఫెలోషిప్ ఆగిపోతుంది. ఉద్యమం ఎందుకని అడిగేవాళ్లని మనం తిరిగి అడగాల్సింది ఆ గడువు గురించే.