ఇంటికి తివాచీ ఎంపిక: ఏలూరు, ఓరుగల్లు తివాచీల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: తివాచీ రూపాన్ని నిర్ణయించేది నేతగాడి నైపుణ్యం మాత్రమే కాదు, కొనుగోలుదారు ఎంపిక కూడా. ఆంధ్రదేశంలోని తివాచీ నేత చరిత్ర ఆధారంగా ఈ అంశాన్ని పరిశీలించి, నేటి ఎంపికకు ఆ చరిత్ర ఇచ్చే ప్రమాణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తివాచీ, రత్నకంబళి, జంపఖానా, ఏలూరు, వరంగల్, మచిలీపట్నం, ముడి, సహజవర్ణాలు.

1. పరిచయం

పరిచే నేతవస్తువులకు తెలుగులో పలు పేర్లున్నాయి. ఊలు కుచ్చులతో మెత్తగా ఉండేది తివాచీ. దానికే రత్నకంబళి అని గ్రాంథిక నామం. కుచ్చులు లేకుండా పడుగు పేకలతో చదునుగా నేసేది జంపఖానా. ఈ భేదం కేవలం పేర్లకు చెందినది కాదు. తివాచీలో పడుగు దారాలకు ఒక్కొక్క ఊలు పోగును చుట్టి ముడి వేసి కత్తిరించాలి. జంపఖానాలో ముడి ఉండదు, పేకయే చిత్రాన్ని రూపొందిస్తుంది. కాబట్టి ధర, శ్రమ, మన్నిక మూడూ ఈ భేదం మీదనే ఆధారపడి ఉంటాయి.

2. రేవు నుంచి మగ్గానికి

గోల్కొండ కుతుబ్ షాహీ పాలకులకు పారశీక దేశంతో మత, రాజకీయ, వాణిజ్య సంబంధాలుండేవి. వారి ప్రధాన రేవు మచిలీపట్నం. 17వ శతాబ్ది ఆరంభంలోనే డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. ఏలూరు తివాచీ నేత పారశీకం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలతో మొదలైందని స్థానిక ఐతిహ్యం. దక్కను తివాచీలు సముద్రాలు దాటి వెళ్లాయనడానికి జపాన్‌లోని క్యోటో నగరం సాక్ష్యమిస్తోంది. అక్కడి గియోన్ ఉత్సవ రథాలను అలంకరించే పాత తివాచీలలో కొన్ని దక్కనులో నేసినవని పరిశోధకులు గుర్తించారు.

1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు ప్రదర్శితమయ్యాయి. ఆ ప్రదర్శన పాశ్చాత్య గృహాలలో భారతీయ తివాచీల పట్ల ఆసక్తిని పెంచింది. గిరాకీ పెరగడం నేతగాళ్లకు మేలే కావలసింది. కాని జరిగినది వేరు.

3. చౌక కోరిక, కళకు చేటు

జార్జ్ బర్డ్‌వుడ్ 1880లో వెలువరించిన భారతీయ కళాపరిశ్రమల గ్రంథంలో మచిలీపట్నం తివాచీల పతనం నమోదైంది. ఆంగ్ల దిగుమతిదారులు చౌక సరుకు వాడాలని పట్టుబట్టారనీ, తివాచీ అడుగుభాగంలోకి ఇంగ్లండు పురికొస చేరిందనీ అందులో ఉంది. పూర్వం ప్రతి పువ్వు చుట్టూ, పక్క రంగుకు పొసగే సన్నని గీత ఉండేది. త్వరగా నేయాలన్న ఒత్తిడిలో ఆ గీత మాయమైంది. ఒక్క గీతను విడిచినందుకు చిత్రమంతా అలుక్కుపోయినట్లు తయారైంది.

రంగులలోనూ ఇదే పరిణామం. 1856లో పెర్కిన్ కనుగొన్న కృత్రిమ వర్ణం తరువాత రసాయన రంగులు వెల్లువెత్తాయి. మంజిష్ఠ, నీలిమందు వంటివాటితో కాలం గడిచేకొద్దీ నెమ్మదించే వర్ణాలు వచ్చేవి. తొలినాటి రసాయన రంగులు చాలావరకు వెలిసిపోయేవి, తడికి కారేవి. 1908లో మద్రాసులో హెన్రీ హారిస్ దక్షిణ భారత తివాచీ పరిశ్రమపై ప్రత్యేక నివేదిక ప్రకటించడాన్ని బట్టి, ఈ పరిశ్రమ స్థితి ప్రభుత్వ పరిశీలనకు వచ్చిందని తెలుస్తోంది.

4. ఎంపికకు ప్రమాణాలు

పై చరిత్ర నుంచి నేటి గృహస్థు గ్రహించదగిన అంశాలివి.

అ) వెనుకభాగం: తివాచీని ముందు తిరగవేసి చూడాలి. చేతిముడుల తివాచీ వెనుక కూడా చిత్రం స్పష్టంగా కనిపిస్తుంది. వెనుక బట్ట అతికించి ఉంటే అది ముడులు వేసినది కాదు, పోగులను గుచ్చి జిగురుతో నిలిపినది. అసలైన తివాచీ అంచు కుచ్చులు పడుగు దారాల కొనసాగింపే గాని విడిగా కుట్టినవి కావు.

ఆ) ముడి: పారశీక ముడిలో ఊలు పోగు ఒక పడుగు దారాన్ని పూర్తిగా చుట్టి, పక్కదాని కిందుగా పోతుంది. తుర్కీ ముడిలో రెండింటినీ చుడుతుంది. రెండూ మన్నికైనవే. శ్రమ తగ్గించుకోవడానికి రెండు దారాలకు బదులు నాలుగింటిపై ఒకే ముడి వేస్తే కుచ్చు పలచబడి త్వరగా అరుగుతుంది.

ఇ) శ్రమ విలువ: చదరపు అంగుళానికి 100 ముడులున్న 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు తివాచీలో 3,45,600 ముడులుంటాయి. రోజుకు 8,000 ముడులు వేసినా ఒక మనిషికి 43 రోజులకు పైగా పని. ధర ఈ లెక్కకు ఏమాత్రం పొంతన లేనంత తక్కువైతే, ఆ తగ్గింపు ఎవరి కూలిలోంచి వచ్చిందో ఆలోచించాలి. తివాచీ మగ్గాలపై పసిపిల్లల శ్రమను నివారించేందుకు 1994లో రగ్‌మార్క్ అనే ధ్రువీకరణ మొదలైంది. అదే నేడు గుడ్‌వీవ్ పేరుతో కొనసాగుతోంది.

ఈ) రంగు: తడిపిన తెల్లని గుడ్డతో ఒక మూల రుద్దితే రంగు నిలకడ తెలుస్తుంది.

ఉ) స్థలం: నిత్యం నడిచే గదికి పొట్టి, దట్టమైన ఊలు కుచ్చు తగినది. ఉక్కపోత, దుమ్ము ఎక్కువైన మన ఇళ్లలో, ఉతకడానికి వీలైన నూలు జంపఖానా చాలాసార్లు మేలైన ఎంపిక. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

5. ముగింపు

తివాచీ చరిత్రలో కొనుగోలుదారు ప్రేక్షకుడు కాడు, భాగస్వామి. 19వ శతాబ్దిలో దూరదేశపు గృహస్థులు చౌకను కోరినందువల్ల మచిలీపట్నం మగ్గంపై పువ్వు చుట్టూ గీత చెరిగిపోయింది. వెనుకభాగం తిప్పి చూసి, ముడులు లెక్కించి, న్యాయమైన ధర చెల్లించే కొనుగోలుదారు ఉన్నచోటనే నేతగాడు ఆ గీతను మళ్లీ నేయగలుగుతాడు. కాబట్టి ఇంటికి తివాచీ ఎంచుకోవడం అలంకరణకు సంబంధించిన విషయమే కాక, ఒక వృత్తి మనుగడకు సంబంధించిన నిర్ణయం కూడా అని భావించవచ్చు.