చందమామ సీరియళ్ళు - పొలిమేర ఇళ్ళు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు మనకు రాలేదు. మా హోసూరు సేలం జిల్లాలోనే ఉండిపోయింది. 1965లో ధర్మపురి జిల్లాలోకీ, 2004లో కృష్ణగిరి జిల్లాలోకీ మారింది గాని, ఇంట్లో తెలుగూ బడిలో తమిళమూ అన్న లెక్క మారలేదు. ఈ పంపకాల గురించి పెద్దలు చాలా రాశారు, ఇంకా రాస్తారు. నేను చెప్పదలచుకున్నది పంపకం జరిగిన మరుసటి ఏడు అదే మద్రాసులో మొదలైన ఇంకో సంగతి. చరిత్ర పుస్తకాల్లో దానికి చోటు లేదు. మా వంటి ఇళ్ళలో మాత్రం చాలా పెద్ద చోటే ఉంది.

1954లో చందమామలో 'తోకచుక్క' అనే సీరియల్ మొదలైంది. కుండలినీ ద్వీపపు సేనాని సమరసేనుడు, ఒంటికన్ను మాంత్రికుడు ఏకాక్షి, అతని పగవాడు చతుర్నేత్రుడు. పేర్లు వినగానే మనలో యాభై దాటిన వాళ్ళందరికీ బొమ్మలు కూడా కళ్ళముందు కదులుతాయని నాకు తెలుసు. అక్కణ్ణించి 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు'. మొత్తం పన్నెండు. సుమారు పాతికేళ్ళ పాటు, మధ్యలో కొద్ది విరామాలు తప్ప, నెలనెలా తెలుగు పిల్లల్ని (పెద్దల్ని కూడా, వాళ్ళు ఒప్పుకోరు గాని) కట్టిపడేసిన కథలివి.

ఈ పన్నెండూ రాసింది ఒక్కరే. దాసరి సుబ్రహ్మణ్యం. తెనాలి ప్రాంతం వారు. 1952లో చందమామ సంపాదక వర్గంలో చేరి అర్ధశతాబ్దం పైగా అక్కడే పనిచేశారు. అదే 1952లో కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వ బాధ్యత తీసుకుని, 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికకు భాష దిద్దారు. విచిత్రమేమంటే, సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. మేం ఊళ్ళో ఆ కథల కోసం కొట్టుకు చచ్చిన రోజుల్లో, ఇవి రాసేవాడు ఒక మనిషి అన్న ఆలోచన కూడా మాకు లేదు. చందమామే రాస్తుందనుకున్నాం. ఇలా పేరు లేకుండా ఇరవై ఐదేళ్ళు రాయడానికి ఎంత నిబ్బరం కావాలో, సంతకం లేనిదే వోచరు కూడా కదలని ఉద్యోగం చేసిన నా బోటి వాడికి బాగా తెలుసు.

చందమామ 1947 జులైలో మద్రాసులో పుట్టింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పెట్టారు. తెలుగుతో పాటే తమిళంలో 'అంబులిమామా' వచ్చింది. తర్వాత కన్నడం, హిందీ, మరాఠీలో 'చాందోబా', ఒడియాలో 'జహ్నమాము', ఇలా పెరిగి డజను భాషల దాకా వెళ్ళింది. కథ తెలుగులో తయారయ్యేది. మిగతా భాషల వాళ్ళు దాన్ని తమ మాటల్లోకి తెచ్చుకునేవారు. బొమ్మలు అందరికీ అవే. తెలుగు నుంచి ఇతర భాషల్లోకి నెలనెలా, క్రమం తప్పకుండా, ఇన్నేళ్ళు ఎగుమతి అయిన సాహిత్యం ఇంకొకటి ఉంటే ఎవరైనా చెప్పాలి. మన విమర్శకులు అనువాదాల కొరత గురించి వాపోతున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. వాళ్ళ లెక్కలో పిల్లల కథ జమ పడదు.

ఈ కథలు గాలిలోంచి ఊడిపడలేదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' మన ఇళ్ళలో అప్పటికే నలిగి ఉన్నాయి. 1951లో అదే నాగిరెడ్డి-చక్రపాణి గార్లు 'పాతాళభైరవి' తీస్తే, తెలుగులోనూ తమిళంలోనూ జనం విరగబడి చూశారు. తోటరాముణ్ణీ నేపాళ మాంత్రికుణ్ణీ చూసిన కళ్ళకి మూడేళ్ళ తర్వాత ఏకాక్షీ చతుర్నేత్రుడూ కొత్త చుట్టాల్లాగే కనిపించి ఉంటారు. అయితే సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. సీరియల్ రెండేళ్ళు నడుస్తుంది. తేడా అంతా అక్కడ ఉంది.

ప్రతి భాగానికీ ముందు, జరిగిన కథ నాలుగైదు వాక్యాల్లో ఉండేది. మా లెడ్జరు భాషలో చెప్పాలంటే ఓపెనింగ్ బ్యాలెన్స్. కింది నెల పోగొట్టుకున్నవాడు కూడా అక్కడ ఎక్కి కూచోవచ్చు. చివర సరిగ్గా కత్తి లేచినచోటో, కొండచిలువ నోరు తెరిచినచోటో కథ ఆగిపోయేది. 'ఇంకా ఉంది' అన్న రెండు మాటలు చదివి ఎంత తిట్టుకున్నామో! మళ్ళీ ఆ రెండు మాటల మీదే నెల రోజులు బతికేవాళ్ళం.

నేను పుట్టింది 1968లో. 'తోకచుక్క' నాటికి లేను. నా వంతుకు వచ్చినవి 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు'. అంటే 1970ల చివరి భాగం. మా వీధి సంగతి చెబితే గాని ఈ వ్యాసం ముందుకు సాగదు. మాది తెలుగిల్లు. కుడిపక్క కన్నడం వాళ్ళు. ఎదురింట్లో తమిళం వాళ్ళు. మూడిళ్ళకూ చందమామ వచ్చేది, మూడు భాషల్లో. జయశీలుడూ సిద్ధసాధకుడూ మూడిళ్ళలోనూ తిరిగేవారు. సాయంత్రం అరుగు మీద కూచుంటే ముగ్గురి చేతుల్లోనూ ఒకటే బొమ్మ, కింద మూడు లిపులు. ఎదురింటి వాడి నోట్లో సిద్ధసాధకుడు 'సిత్తసాదగన్' అయ్యేవాడు. ఒత్తులు ఎక్కడికి పోయాయిరా అని మేం ఏడిపిస్తే, ఇన్ని అక్షరాలు ఎందుకురా మీకు, మాకు ఒక్కటి చాలదా అని వాడు తిరిగి ఏడిపించేవాడు. ఆ వాదంలో ఎవరు గెలిచారో ఇప్పటికీ తేలలేదు.

ఎవరి పత్రిక ముందొస్తే ఆ ఇంటివాడు ఆ వారం దొర. వాడు కథ చెబుతాడు, మిగతా వాళ్ళు వింటారు. చెప్పేవాడు ఊరికే చెప్పడు, రెండు గోలీలు పెడితే గాని మాంత్రికుడి గుహ తలుపు తెరుచుకోదు. విన్న తర్వాత కూడా మన పత్రిక మనకు వచ్చినప్పుడు చదవాల్సిందే. ఎందుకంటే వాడు చెప్పినదాంట్లో సగం సొంత కల్పన. అది పట్టుకోవాలంటే మనకు చదవడం వచ్చి ఉండాలి.

ఇక్కడే అసలు విషయం ఉంది. మా బళ్ళో తెలుగు లేదు. మా అవ్వకు అక్షరాలు రావు. మా నాయనకు వచ్చు గాని, పొద్దున పోయి రాత్రికొచ్చే మనిషి. ఆయన నాకు ఓనమాలు దిద్దించింది రెండు నెలలో మూడు నెలలో. తర్వాత నన్ను తెలుగు చదివేవాణ్ణి చేసింది పంతులు కాదు, జయశీలుడు. 'ఖ'కీ 'ఘ'కీ తేడా నాకు వ్యాకరణం వల్ల రాలేదు. ఖడ్గవర్మ వల్ల వచ్చింది, మా చిన్నాయన పెట్టెలో దాచిన 'యక్షపర్వతం' పాత సంచికల్లోంచి. అది కుటుంబరావు గారి తెలుగు కావడం మా అదృష్టం. వాక్యం చిన్నది, కర్త ఎక్కడున్నాడో క్రియ ఎక్కడుందో తడుముకోనక్కరలేదు. మా ఇంటి మాటకీ ఆ అచ్చుమాటకీ యాస తేడా ఉన్నా, దూరం లేదు. పాఠ్యపుస్తకం తెలుగే గనక ముందు చేతికొచ్చి ఉంటే నేను అక్కడే ఆగిపోయేవాణ్ణేమో.

బ్యాంకు ఉద్యోగంలో తిరగని చోటు లేదు. సోలాపూర్‌లో ఉన్నప్పుడు, మగ్గాల అప్పు కోసం వచ్చిన ఒక పద్మశాలి పెద్దాయన నా బల్ల మీద పాత చందమామ చూసి, ఫారం పక్కన పెట్టేసి, ధూమకుడూ సోమకుడూ గుర్తున్నారా అని అడిగాడు. 'పాతాళదుర్గం'లో జంట. ఆయన చదివింది తెలుగులోనా 'చాందోబా'లోనా అని అడిగితే, రెండింటిలోనూ అన్నాడు. తెలుగులో తండ్రి చదివి వినిపిస్తే, మరాఠీలో తాను బడి స్నేహితులకు చదివి వినిపించాడట. బరంపురంలో ఇదే కథ 'జహ్నమాము'తో. కోలారులో కన్నడ చందమామతో. ఊరు మారినప్పుడల్లా నేను సిగ్గు విడిచి అడగడం మొదలుపెట్టాను. రాష్ట్రం బయటి తెలుగువాళ్ళకు రెండు చందమామలు ఉండేవి. లోపలివాళ్ళకు ఒక్కటే. ఇది మన గొప్ప అని నేను అనడం లేదు గాని, ఈ ఒక్క విషయంలో వాళ్ళకు లేనిది మనకు ఉంది.

ఆ కథల్లో నాయకుడు ఎప్పుడూ ఒంటరి కాడని గమనించారా? కేశవుడూ జయమల్లూ, శిఖిముఖీ విక్రమకేసరీ, ఖడ్గవర్మా జీవదత్తుడూ. 'శిథిలాలయం'లో శిఖిముఖి శబర గూడెం బిడ్డ, విక్రమకేసరి నగరం నుంచి వచ్చిన యువకుడు. ఇద్దరూ భుజం భుజం కలిపి నడుస్తారు. ఎవరు ఎవరికి ఎక్కువో రచయిత ఎక్కడా ఆగి చెప్పడు. మూడు భాషల వీధిలో పెరిగిన పిల్లలకు ఈ జంటలు ఎందుకంత దగ్గరయ్యాయో నేను వేరే చెప్పక్కరలేదు.

బొమ్మల మాట ఎత్తకపోతే పాపం. సీరియళ్ళకు చిత్రా గీసేవారు. తమిళుడు. తెలుగువాడు రాసిన రాక్షసుడికి తమిళుడు కోరలు పెడితే, వాణ్ణి చూసి ఒడియా పిల్లలు జడుసుకున్నారు. ఆ కోట బురుజులు, ఆ నరవానరులు, గండభేరుండాలు ఆయన ఎక్కడ చూశాడో! 1978లో చిత్రా పోయారు. భేతాళ కథల శంకర్ కూడా తమిళుడే. ఆయన 2020లో, తొంభై దాటిన వయసులో వెళ్ళిపోయారు.

ఒక సంగతి వాణిజ్య శాస్త్రం చదివిన వాడిగా నాకు చాలా ఇష్టం. చక్రపాణి గారికి ఈ మాంత్రిక సీరియళ్ళంటే పెద్దగా పడేది కాదట. 'రాకాసిలోయ' అయ్యాక 1960ల మధ్యలో వీటిని ఆపించి, బంకించంద్రుడి 'దుర్గేశనందిని' వేయించారు. ఆ వెనుక 'నవాబు నందిని'. అవి మంచి నవలలు కావని ఎవరూ అనరు. కాని అమ్మకాలు తగ్గాయి. ఏజెంట్ల లెక్కలు మద్రాసు చేరాయి. మళ్ళీ దాసరివారిని పిలిచారు, 'పాతాళదుర్గం' మొదలైంది. ఆ రోజుల్ని ఎరిగిన వారు రాసిపెట్టిన మాట ఇది. చక్రపాణి గారి అభిరుచిని నేను తప్పు పట్టను. తన అభిరుచి కంటే పాఠకుడి అభిరుచిని పెద్దదిగా ఒప్పుకున్న యజమాని ఆయన, అది చిన్న విషయం కాదు. ఇక పిల్లలు సభలు పెట్టలేదు, ఊరేగింపులు తీయలేదు. కొనడం మానేశారు, అంతే. పాఠకుల ఉత్సాహానికి ఇంతకు మించిన నిక్కచ్చి సాక్ష్యం నాకు మరెక్కడా దొరకలేదు.

దాసరివారు వేరే చోట కూడా రాశారు. 'బొమ్మరిల్లు'లో వచ్చిన 'మృత్యులోయ' ఆయనదే, ఇంకో పేరుతో. అక్కడా సొంత పేరు లేదు!

1980 నాటికి ఆ వరస ముగిసింది. తర్వాతి సీరియళ్ళు వచ్చాయి, పోయాయి. 1998లో పత్రిక ఆగింది, 1999 చివర తిరిగి లేచింది, 2007లో చేతులు మారింది, 2013కల్లా పూర్తిగా ఆగిపోయింది. ఇటు మా వైపు 2006లో తమిళనాడులో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పైకి పాకి, 2016 నాటికి పదో తరగతి పరీక్షను తాకింది. ఉన్న కొద్ది తెలుగు బళ్ళూ చిక్కిపోయాయి. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని ఒకే ఇంట్లో రెండు దీపాలూ కొద్ది ఏళ్ళ తేడాలో ఆరిపోతే, ఆ ఇంటి పిల్లలకు ఏది ముందు ఆరిందో ఏం తెలుస్తుంది? మా అన్నదమ్ముల పిల్లలు పదిమందిలో తెలుగు మాట్లాడేవాళ్ళు పదిమందీ. చదివేవాళ్ళు ఇద్దరు.

దాసరివారు 2010 జనవరిలో కన్నుమూశారు. చివరి ఏళ్ళలో పాఠకులు ఆయనను వెతుక్కుంటూ వెళ్ళారు. ఊరూ పేరూ తెలియని అభిమానులు పాత సంచికలు పోగుచేసుకుని, ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర నకలు తీసుకుని, వరసలు పూర్తి చేసుకున్నారు. ఆయన పోయాక సీరియళ్ళు చిత్రా బొమ్మలతో సహా పుస్తకాలుగా వచ్చాయి. అట్ట మీద రచయిత పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

నేను మొత్తం తెప్పించుకున్నాను. 'మాయాసరోవరం' మా పక్కవీధి కుర్రవాడు ఒకడు అడిగి తీసుకుపోయాడు. వాడికి తెలుగు చదవడం రాదు. వాళ్ళ నాయనమ్మ రోజుకో భాగం చదివి వినిపిస్తోంది, చదివినంతవరకు వాడు మరునాడు బళ్ళో తమిళంలో చెబుతున్నాడట. మొన్న దారిలో కనబడి, మకరకేతుడు మంచివాడా చెడ్డవాడా అని అడిగాడు. చెప్పనన్నాను.