శ్రీవారి ఏకాంత సేవలో రోజూ గుర్తుకొచ్చే రాణి, కవి, యోగిని.. ఎవరు వాళ్లు?

తిరుమల ఆలయంలో రోజులో చివరి సేవ ఏకాంత సేవ. దీన్నే పవళింపు సేవ అని కూడా అంటారు. ఈ సేవలో పాన్పు మీద పవళించే స్వామి విగ్రహం ఒక రాణి చేయించింది. వినిపించే లాలి పాట ఒక కవి కుటుంబానిది. చివర్లో ఇచ్చే ముత్యాల హారతి ఒక వితంతువు పేరు మీద సాగుతోంది. ఇంతకీ ఎవరు ఈ ముగ్గురు? వాళ్ల కథేంటి?

వెండి విగ్రహం ఇచ్చిన పల్లవ రాణి

ఆమె పేరు సామవై. పల్లవ రాణి. వెయ్యేళ్లకు పైగా కిందట స్వామివారికి వెండి విగ్రహం చేయించి ఇచ్చింది. ఆ విగ్రహానికి నగలు, పూజల కోసం భూములు కూడా రాసిచ్చింది. ఈ వివరాలన్నీ ఆలయ గోడ మీద తమిళ శాసనంలో ఉన్నాయి. ఆ విగ్రహమే ఇవాళ్టి భోగ శ్రీనివాసమూర్తి. ధనుర్మాసంలో తప్ప మిగతా రోజుల్లో ఏకాంత సేవ జరిగేది ఈ మూర్తికే.

రాజు మీద పాడనన్న అన్నమయ్య

ఇక లాలి పాట సంగతి. రాజంపేట దగ్గర తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యులు (1408-1503) వంశస్థులు ఇప్పటికీ ఈ సేవలో పాడతారు. చంద్రగిరి ప్రాంతాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు ఆయన్ని బాగా ఆదరించాడు. అయితే వేంకటేశ్వరుడి మీద పాడినట్టే తన మీద కూడా ఒక పదం పాడమని రాజు అడిగాడట. అన్నమయ్య కుదరదన్నాడు. రాజు సంకెళ్లు వేయించాడని, తర్వాత తప్పు తెలుసుకున్నాడని మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతోంది.

1485లో ఆ సాళువ నరసింహుడే విజయనగర సింహాసనం ఎక్కాడు. ఆరేళ్లకే చనిపోయాడు. ఆయన వంశం ఎక్కువ కాలం నిలవలేదు. అన్నమయ్య రాసిన 32 వేల కీర్తనల్లో దాదాపు 14 వేలు మాత్రం రాగిరేకుల మీద మిగిలాయి. ఆయన భార్య తిమ్మక్క కూడా కవయిత్రే. సుభద్రా కల్యాణం రాసిన ఆమెను తెలుగులో తొలి కవయిత్రిగా చెబుతారు.

రాణుల బంగారు గిన్నెలు

శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 మధ్య 7 సార్లు తిరుమల వచ్చాడు. 1513 ఫిబ్రవరిలో మొదటిసారి వచ్చినప్పుడు ఆయన నవరత్న కిరీటం సమర్పించాడు. రాణులు తిరుమలదేవి, చిన్నాదేవి స్వామికి పాలు నివేదించడానికి బంగారు గిన్నెలు ఇచ్చారు. ముగ్గురి విగ్రహాలూ ఆలయ మహాద్వారం దాటగానే చేతులు జోడించి కనిపిస్తాయి.

చివరి హారతి వెంగమాంబది

అందరిలోకి కష్టపడింది తరిగొండ వెంగమాంబ (1730-1817). గుర్రంకొండ దగ్గర తరిగొండ ఆమె ఊరు. చిన్న వయసులోనే భర్త పోయాడు. అప్పటి ఆచారం ప్రకారం జుట్టు తీయించుకోవాలి, బొట్టు చెరిపేయాలి. ఆమె ఒప్పుకోలేదు. వేంకటేశ్వరుడే తన భర్త అంది. ఊళ్లో మాటలు పడింది. మదనపల్లెలో సుబ్రహ్మణ్య దేశికుల దగ్గర యోగం నేర్చుకుంది. తర్వాత తిరుమల చేరింది.

కొండ మీద కూడా ఇబ్బందులు తప్పలేదు. కొన్నాళ్లు తుంబురుకోనలో తపస్సు చేసింది. వేంకటాచల మాహాత్మ్యం, ద్విపద భాగవతం లాంటి పుస్తకాలు రాసింది. భక్తులకు అన్నం పెట్టింది. ఆమెకు రాజ్యం లేదు, ఖజానా లేదు. అయినా రాత్రి తలుపులు వేసే ముందు స్వామికి అందే హారతి ఆమెదే. అన్నమయ్య లాలి, వెంగమాంబ హారతి అనే మాట అలా పుట్టిందే. 2011లో మొదలైన కొత్త అన్నప్రసాద భవనానికి కూడా ఆమె పేరే పెట్టారు.

ఈసారి వెళ్తే చూడండి

మహాద్వారం దాటగానే కుడివైపు రాయల వారి విగ్రహాలు, హుండీ దగ్గర్లో ఒకప్పుడు అన్నమయ్య రాగిరేకులు దాచిన అర, కొండ మీదే వెంగమాంబ బృందావనం. వీటిని చాలామంది చూడకుండానే వచ్చేస్తుంటారు. భోజనానికి కూర్చున్నప్పుడైనా, గోడ మీదున్న ఆ పేరు ఎవరిదో పక్కనున్న పిల్లలకు చెప్పండి.