సంగమం వీడిన సంగమేశ్వరుడు: అలంపుర క్షేత్రంలో మూర్తి, కట్టడం, స్థలం

ఉపోద్ఘాతం

ఒక దేవాలయాన్ని ఒకచోటి నుండి మరొకచోటికి తరలించినప్పుడు ఏది తరలుతుంది, ఏది మిగిలిపోతుంది? అలంపురంలోని సంగమేశ్వరాలయం ఎదుట నిలిచిన పరిశోధకుడికి ఈ ప్రశ్న తప్పదు. కృష్ణా తుంగభద్రల కలయిక వద్ద వెలసినందువల్ల ఆ స్వామికి సంగమేశ్వరుడన్న పేరు వచ్చింది. నేడు ఆ గుడి ముందు సంగమం లేదు. పేరు మాత్రం మారలేదు. అలంపుర పరిసరాల్లోని ఆలయాల చరిత్రను ఆధారం చేసుకొని క్షేత్రభావనలో మూర్తి, కట్టడం, స్థలం అనే మూడు అంశాల పరస్పర సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

శాసనం, స్థలపురాణం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, తుంగభద్ర ఎడమ ఒడ్డున ఉన్న అలంపురం శ్రీశైలానికి పశ్చిమద్వారంగా ప్రసిద్ధి. ఇక్కడి నవబ్రహ్మాలయాలు బాదామి చాళుక్యుల కాలానికి, అంటే 7, 8 శతాబ్దాలకు చెందినవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే తొమ్మిదింటి పేర్లలోనూ బ్రహ్మ ఉన్నాడు. గర్భాలయాల్లో ఉన్నది మాత్రం శివుడు. బ్రహ్మ తపస్సు చేసి శివలింగాలను ప్రతిష్ఠించాడని ఒక కథ. రససిద్ధుడనే యోగి రసవాద సాధనకు ఈ గుళ్లను కట్టించాడని, వాటి పేర్లు ఓషధుల సంకేతాలని మరొక కథ. శాసనాల మాట వేరు. స్వర్గబ్రహ్మాలయాన్ని వినయాదిత్యుని రాణి గౌరవార్థం లోకాదిత్యుడు నిర్మించినట్లు అక్కడి శాసనం తెలుపుతుంది. విజయాదిత్యుని ఆజ్ఞతో ఈశానాచార్యుడు ప్రాకారబంధం చేయించినట్లు క్రీ.శ. 713 నాటి శాసనం చెబుతుంది. కట్టించినవారెవరో శాసనం చెబుతుంది. పేర్లకు అర్థమేమిటో స్థలపురాణం చెబుతుంది. రెండింటి ప్రశ్నలు వేరు గనుక ఒకదానితో మరొకదాన్ని కొట్టివేయడం సరికాదు.

మూర్తిని అంటిపెట్టుకున్న క్షేత్రం

అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదవది జోగులాంబ. సతీదేవి పైదంతాల వరుస ఇక్కడ పడిందని నమ్మకం. 14వ శతాబ్దపు దండయాత్రల్లో అమ్మవారి గుడి ధ్వంసమైందని, విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరాలయంలో దాచారని స్థానిక సంప్రదాయం. అప్పటినుండి దాదాపు ఆరు శతాబ్దాలు శక్తిపీఠాధిదేవత పొరుగుగుడిలోనే పూజలందుకొంది. గుడి లేకపోయినా పీఠఖ్యాతి తగ్గలేదు. యాత్రికులు మూర్తి ఉన్నచోటునే పీఠంగా భావించారు. 2005 ఫిబ్రవరి 13న, వసంత పంచమి నాడు, కొత్తగా నిర్మించిన ఆలయంలో అమ్మవారిని పునఃప్రతిష్ఠించారు. ఏటా మాఘమాసంలో జరిగే బ్రహ్మోత్సవాల్లో వసంత పంచమి నాటి నిజరూప దర్శనమే ప్రధానఘట్టం. అంటే తిరిగివచ్చిన తిథియే నేడు పండుగకు కేంద్రమైంది. సమీపకాలపు ఘటన ఒక తరం గడవకముందే సంప్రదాయంగా స్థిరపడిన తీరును గమనించడానికి ఇది మంచి ఉదాహరణ.

కట్టడమే తరలిన క్షేత్రం

కూడవెల్లి సంగమేశ్వరాలయానిది దీనికి భిన్నమైన గతి. ఎత్తైన అధిష్ఠానంపై ప్రాకారంతో నిలిచిన ఈ చాళుక్యాలయం అలంపురానికి దిగువన నదుల కలయిక వద్ద ఉండేది. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ నీటిలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సుమారు వంద గ్రామాలు మునిగి, లక్షకు పైగా జనం నిర్వాసితులయ్యారు. మునిగిపోయే ఆలయాల్లో కొన్నింటిని పురావస్తు నిపుణులు విడదీసి, రాళ్లకు గుర్తులు వేసి, వేరేచోట తిరిగి నిలబెట్టారు. కూడవెల్లి ఆలయం అలా అలంపురానికి వచ్చింది. మెట్లమెట్లుగా పేర్చినట్లున్న శిఖరాలు గల పాపనాశి ఆలయాలు, ఇరవైకి పైగా, అదే విధంగా కొత్త నేలకు చేరాయి. శిల్పం, వాస్తు, శాసనం దక్కాయి. ఇది చిన్న విజయం కాదు. కాని నదీస్నానం చేసి తడిబట్టలతో మెట్లెక్కి స్వామిని చూసే క్రమం తెగిపోయింది. 2016 కృష్ణా పుష్కరాల్లో సంగమ పరిసరంలోని గొందిమళ్ల ఘాటుకు జనం తరలివచ్చారు. తీర్థం అక్కడ, మూర్తి ఇక్కడ: ఒకటిగా ఉన్న క్షేత్రం రెండుగా విడిపోయింది.

స్థలాన్ని వదలని క్షేత్రం

ఇదే జలాశయంలో, మరికొంత దిగువన, భవనాశి కృష్ణలో కలిసేచోట మరొక సంగమేశ్వరం ఉంది. నేడది నంద్యాల జిల్లాలోనిది. అక్కడి రూపాల సంగమేశ్వరాలయాన్ని కర్నూలు దగ్గరి జగన్నాథగట్టుకు తరలించారు. భీముడు కాశీ నుండి లింగం తేవడం ఆలస్యం కాగా ధర్మరాజు వేపమొద్దును లింగంగా ప్రతిష్ఠించాడని చెప్పుకొనే సప్తనదీ సంగమేశ్వరుడు మాత్రం నీటిలోనే ఉండిపోయాడు. 2003లో నీరు తగ్గి ఆ గుడి బయటపడింది. నాటినుండి నీరు దిగిన ప్రతి వేసవిలో పూజలు జరుగుతున్నాయి. నీరు పెరిగేటప్పుడు అర్చకుడు పడవలో వెళ్లి శిఖరానికి చివరి హారతి ఇస్తాడు. కళాచరిత్ర దృష్టిలో విలువైన కట్టడం గట్టెక్కింది. భక్తుల రాక మాత్రం మునిగిన చోటుకే ఎక్కువ. పంచాంగానికి బదులు నీటిమట్టమే ఇక్కడ ఉత్సవకాలాన్ని నిర్ణయిస్తోంది.

పరిశీలన

ఈ మూడు ఉదాహరణలనుబట్టి క్షేత్రభావన ఒకేచోట స్థిరంగా ఉండదని తెలుస్తుంది. జోగులాంబ విషయంలో అది మూర్తిని, సప్తనదీ సంగమంలో స్థలాన్ని ఆశ్రయించింది. కూడవెల్లి విషయంలో మాత్రం పరిరక్షణ విధానం కట్టడాన్ని ఎంచుకొంది. ఆ ఎంపికకు కారణం ఉంది. కాలం, శైలి, శాసనం కొలవదగినవి. స్నానం, మొక్కు, జాతర కొలతకు అందవు. ఇదే కొలబద్దతో చూస్తే ఊరిపొలిమేరలో వేపచెట్టు కింద పసుపు కుంకుమలందుకొన్న గ్రామదేవతకు ఏ జాబితాలోనూ చోటు దొరకదు. వంద గ్రామాలు మునిగాయంటే వంద పొలిమేరలూ మునిగాయని అర్థం. ఆ దేవతలను ఎవరు ఎత్తుకెళ్లారు, ఏ పునరావాస కాలనీలో నిలిపారు, ఏ జాతర ఆగిపోయింది అన్నవి అడగవలసిన ప్రశ్నలు.

ముగింపు

అలంపుర ఆలయాల గురించి గడియారం రామకృష్ణశర్మ (1919–2006) వంటి పండితుల కృషివల్ల శాసన, శిల్పచరిత్ర మనకు దక్కింది. ఇక మిగిలింది యాత్రికుల చరిత్ర. కూడవెల్లిలో నదికి ఎదురుగా సంగమేశ్వరుణ్ణి యుక్తవయసులో దర్శించినవారు నేడు వృద్ధులు. వారి జ్ఞాపకాలు, మొక్కులు, పాటలు, జాతర దారులు నమోదు కావాలి. 2009 అక్టోబరు వరదల్లో అలంపురమే నీట మునిగిందన్న సంగతి మరువరాదు. రాళ్లకు గుర్తులు వేసుకోవడానికి ఒకప్పుడు వ్యవధి దొరికింది. మనుషుల జ్ఞాపకానికి ఆ వ్యవధి లేదు. తెలుగు శాఖల్లో క్షేత్రపర్యటన చేసే పరిశోధకులు ముందుగా చేపట్టవలసిన పని ఇదే.