ముగ్గురిదీ ఒకటే గూడు: వరంగల్ రిజర్వుడు స్థానంలో నడిమి ఓటరు లెక్కలు

2024 మే 13న వరంగల్ లోక్‌సభ స్థానంలో ఓటేయడానికి వెళ్లినవాళ్ల ముందు ప్రధానంగా ముగ్గురు అభ్యర్థులున్నారు. కాంగ్రెస్ నుంచి కడియం కావ్య, బీజేపీ నుంచి ఆరూరి రమేష్, బీఆర్‌ఎస్ నుంచి మారేపల్లి సుధీర్‌కుమార్. మూడు నెలలు వెనక్కి వెళ్లి చూస్తే ముగ్గురూ బీఆర్‌ఎస్ గూటివాళ్లే. కావ్యకు మొదట టికెట్ ఇచ్చింది బీఆర్‌ఎస్. మార్చి నెలాఖరులో ఆమె ఆ పోటీ నుంచి తప్పుకుని, తండ్రి కడియం శ్రీహరితో కలిసి కాంగ్రెస్‌లో చేరి, అదే స్థానానికి అక్కడ టికెట్ తెచ్చుకున్నారు. ఆరూరి రమేష్ అంతకు కొద్ది నెలల ముందు, 2023 నవంబరు అసెంబ్లీ ఎన్నికల్లో వర్ధన్నపేటలో బీఆర్‌ఎస్ అభ్యర్థిగా ఓడి, మార్చిలో బీజేపీకి వెళ్లారు. సిట్టింగ్ ఎంపీ పసునూరి దయాకర్ కూడా అదే నెలలో బీఆర్‌ఎస్ వదిలి కాంగ్రెస్‌లో చేరారు. మిగిలిన సుధీర్‌కుమార్‌కు బీఆర్‌ఎస్ టికెట్ దక్కింది.

స్టేషన్ ఘన్‌పూర్ ఓటరు సంగతి చూడండి. 2023 నవంబరు 30న కాంగ్రెస్ వద్దనుకుని శ్రీహరికి ఓటేసినవాళ్లకు, ఆరు నెలలు తిరక్కముందే ఆయనే వచ్చి కాంగ్రెస్‌కు వేయమన్నారు. వర్ధన్నపేటలో రమేష్‌ను ఓడించినవాళ్ల దగ్గరికి ఆయన కొత్త కండువాతో మళ్లీ వచ్చారు. ఈ రెండూ ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానాలు. వరంగల్ లోక్‌సభ పరిధిలోని ఏడింటిలో రిజర్వుడువి ఇవే. మిగిలినవి పాలకుర్తి, పరకాల, వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు, భూపాలపల్లి.

ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అని ఊరుకునే పరిస్థితే ఇది. కానీ జనం ఊరుకోలేదు. లక్షలమంది వెళ్లి ఓటేశారు. కావ్యకు 5,81,294 ఓట్లు, రమేష్‌కు 3,60,955, సుధీర్‌కుమార్‌కు 2,32,033 వచ్చాయి. ఆధిక్యం 2,20,339. మనసుకు నచ్చిన అభ్యర్థి ఒక్కరూ లేనప్పుడు, ఏ పార్టీ జెండా మోయని ఓటరు దేన్నిబట్టి తేల్చుకుంటారన్నదే ఈ వ్యాసం విషయం.

ఎవరీ నడిమి ఓటరు

రాజనీతి శాస్త్రం పాఠాల్లో ‘మీడియన్ ఓటరు’ అనే మాట ఉంటుంది. ఒకే బజారులో ఇద్దరు దుకాణదారులు చివరికి నడిమధ్యకు చేరతారని 1929లో హరోల్డ్ హోటెలింగ్ చెప్పిన లెక్కను, 1957లో ఆంథొనీ డౌన్స్ పార్టీలకు పూర్తిస్థాయిలో అన్వయించారు. ఎడమ నుంచి కుడికి ఒక గీత గీస్తే ఓటర్లంతా దాని మీద ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటారు, గెలవాలంటే మధ్యలో ఉన్నవాణ్ని ఒప్పించాలి. సూత్రం ఇంతే.

ఈ గీత మన వాడల్లో పనికిరాదు. ఇక్కడ మధ్యలో ఉండటమంటే కుడికీ ఎడమకూ మధ్య ఉండటం కాదు. ఏ నాయకుడి వెంటా తిరగకపోవడం, సంఘం మీద గౌరవం ఉన్నా దాని పిలుపును ఆజ్ఞగా తీసుకోకపోవడం, వర్గీకరణ కావాలనో వద్దనో ఒక అభిప్రాయం ఉన్నా అవతలి కులం మనిషిని శత్రువుగా చూడకపోవడం. ఇలాంటివాళ్లు మాదిగల్లో, మాలల్లో, ఉపకులాల్లో చాలామందే ఉన్నారు. మాటల్లో మెత్తగా ఉంటారు కాబట్టి వాళ్లకు రాజకీయం తెలియదని పార్టీలు అనుకుంటాయి. నా పరిశోధన పనిలో నాకు ఎక్కువ నేర్పింది ఈ మెత్తటి మనుషులే. మా అమ్మ కూడా వాళ్లలో ఒకరు. ప్రతి ఎన్నికకూ ముందురోజు రాత్రి ‘ఎవలకేద్దాం బిడ్డా’ అని అడుగుతుంది. నేను చెప్పింది విని, తెల్లారి తనకు తోచినవాళ్లకే వేసి వస్తుంది.

రెండు భయాలు, ఒక ఆశ

2024లో ఈ ఓటరు ముందు అభ్యర్థుల కంటే పెద్ద విషయాలు రెండున్నాయి. ఒకటి రాజ్యాంగం. బీజేపీ నాలుగు వందల సీట్ల నినాదం ఎత్తుకుంది. రాజ్యాంగాన్ని మార్చడానికి అంత బలం కావాలని ఆ పార్టీ కర్ణాటక ఎంపీ అనంతకుమార్ హెగ్డే మార్చిలో అన్నారు. అది ఆయన సొంత అభిప్రాయమని పార్టీ చెప్పుకున్నా, ఆ మాట వాడవాడకూ చేరింది. రిజర్వేషన్లు పోతాయన్న భయాన్ని కాంగ్రెస్ తన ప్రచారానికి ఇరుసు చేసుకుంది.

రెండోది వర్గీకరణ. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన దండోరా ఉద్యమానికి వరంగల్ గుండెకాయ లాంటిది. మంద కృష్ణ మాదిగది ఇక్కడే. 2000లో ఉమ్మడి రాష్ట్రం చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004 నవంబరు 5న ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలు హామీలతోనే గడిచాయి. 2023 నవంబరు 11న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో జరిగిన మాదిగ విశ్వరూప సభకు ప్రధాని మోదీ వచ్చి మద్దతు ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందు కేంద్రం వర్గీకరణను సమర్థిస్తూ వాదించింది. పోలింగ్ నాటికి తీర్పు ఇంకా రాలేదు. ఆగస్టు 1న, ఆరుగురు ఔనంటే ఒకరు కాదనగా, వచ్చింది.

మాదిగ ఇంట్లోని నడిమి ఓటరు ఎటు మొగ్గాలి? ముప్పై ఏళ్ల ఆశ ఒకవైపు పిలుస్తోంది, రిజర్వేషన్ల మూలానికే ముప్పన్న భయం రెండోవైపు లాగుతోంది. మాల ఇంట్లోని ఓటరుకు లెక్క కొంత తేలిక. వర్గీకరణ అనుమానం, రాజ్యాంగ భయం రెండూ ఒకే దిక్కు చూపిస్తాయి. అయితే ఆ దిక్కున ఉన్న కాంగ్రెస్ కూడా వర్గీకరణకు వ్యతిరేకం కాదు. ఆ తర్వాతి ఏడాది ఏప్రిల్ 14న తెలంగాణలో 59 కులాలను మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాల చొప్పున వర్గీకరణను అమల్లోకి తెచ్చింది కాంగ్రెస్ ప్రభుత్వమే.

అంటే, వర్గీకరణ మీద ఓటేసినవాళ్లకు నిజానికి పార్టీల మధ్య ఎంపిక లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న తేడా ఒక్కటే ఉంది. నడిమి ఓటరు ఈ సంగతి పసిగట్టారని నా అనుమానం. తమ పార్టీ అన్న గట్టి అనుబంధం ఉన్నవాడి కంటే లేనివాడే ఇలాంటివి ముందు కనిపెడతాడు.

రెండో ఓటమిని తప్పించుకోవడం

నచ్చినవాడు లేనప్పుడు మనిషి ‘ఎవరు గెలవాలి’ అన్న ప్రశ్న వదిలేసి ‘ఎవరు గెలవకూడదు’ అన్న ప్రశ్నకు వస్తాడు. 2002లో ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక దీనికి పాఠ్యపుస్తకం ఉదాహరణ. ఏప్రిల్ 21న తొలి రౌండులో జాక్ షిరాక్‌కు 19.88 శాతం, మితవాద తీవ్రుడు లె పెన్‌కు 16.86 శాతం రాగా, సోషలిస్టు జోస్పాన్ 16.18 శాతంతో బయటికి పోయాడు. అవినీతి ఆరోపణలున్న షిరాక్ అంటే వామపక్ష ఓటర్లకు ఒళ్లు మంట. అయినా మే 5న ముక్కు మూసుకుని ఆయనకే వేశారు. ఆయనకు 82 శాతం పైగా ఓట్లు వచ్చాయి. ఆ ఓట్లలో అభిమానం ఎంత అని అడిగినవాడు లేడు. షిరాక్ కూడా అడగలేదు, అదే ఇబ్బంది.

భయంతో పడిన ఓటుకు జవాబుదారీ ఉండదు. గెలిచినవాడికి అది కూడా మామూలు ఓటే. వరంగల్‌లో 5.81 లక్షల ఓట్లలో అభ్యర్థి మీద నమ్మకంతో వచ్చినవి ఎన్నో, రాజ్యాంగం మీద బెంగతో వచ్చినవి ఎన్నో, బీఆర్‌ఎస్ మీద కోపంతో వచ్చినవి ఎన్నో ఈవీఎం చెప్పదు.

కోపం మాత్రం ఉంది. ఆ పార్టీ ఇక్కడ 2014లో 6,61,639, 2015 ఉప ఎన్నికలో 6,15,403, 2019లో 6,12,498 ఓట్లు తెచ్చుకుంది. 2024లో 2.32 లక్షలకు పడిపోయింది. దళితులకు మూడెకరాల భూమి 2014 ఆగస్టు 15న మొదలై మధ్యలో ఆగింది. కుటుంబానికి 10 లక్షల రూపాయల దళితబంధు 2021 ఆగస్టులో హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు వచ్చింది. అందినవాళ్ల సంతోషం కంటే అందనివాళ్ల అసంతృప్తి పెద్దది. పక్కింటికి వచ్చి మనింటికి రాని పథకం ఓట్లు తేదు, పోగొడుతుంది.

ఆ 2015 ఉప ఎన్నిక గురించి కూడా చెప్పాలి. ఉప ముఖ్యమంత్రి అయిన కడియం శ్రీహరి ఎంపీ పదవి వదులుకోవడంతో నవంబరు 21న పోలింగ్ జరిగింది. రైతు ఆత్మహత్యలు, సెప్టెంబరులో ఉమ్మడి వరంగల్ జిల్లా అడవుల్లో జరిగిన ఎన్‌కౌంటర్ మీద ఆగ్రహం విశ్వవిద్యాలయాల్లో మండుతున్న రోజులవి. వామపక్షాలు ప్రొఫెసర్ గాలి వినోద్‌కుమార్‌ను నిలబెట్టాయి. క్యాంపస్‌లో కూర్చుని చూస్తే ప్రభుత్వం కూలిపోయేలా ఉంది. ఫలితం వచ్చేసరికి టీఆర్‌ఎస్‌కు చెందిన పసునూరి దయాకర్ 4,59,092 ఓట్ల ఆధిక్యంతో కాంగ్రెస్ అభ్యర్థి సర్వే సత్యనారాయణను ఓడించారు. ఉద్యమ మిత్రులు కొందరు దాన్ని డబ్బు మీదికి, మందు మీదికి తోసేశారు. అవి లేవని కాదు. కానీ కొత్త రాష్ట్రానికి ఏడాదిన్నర వయసు. మధ్యలో ఉన్న మనిషి ఇంకొంత టైమ్ ఇద్దామనుకున్నాడు. అధికార పార్టీ ఎంపీ ఉంటే పని అవుతుందనుకున్నాడు. మనకు నచ్చని నిర్ణయాన్ని తెలివితక్కువతనం అనుకోవడం మన వైపు తరచూ జరిగే పొరపాటు.

అభ్యర్థిని మొదట ఎవరు ఎంచుతారు

అసలు చిక్కు ఓటరు దగ్గర మొదలు కాదు. 2008 పునర్విభజనతో ఎస్సీ రిజర్వుడు అయిన వరంగల్‌లో అభ్యర్థి దళితుడే కావాలి, కానీ గెలిపించేది దళితేతర మెజారిటీ. 2011 లెక్కల్లో తెలంగాణ మొత్తం మీద ఎస్సీలు 15.45 శాతం. ఎంత రిజర్వుడు స్థానమైనా మిగతావాళ్లదే పెద్ద సంఖ్య. పార్టీ ఏం చేస్తుంది? వాడకు గట్టిగా నిలబడేవాణ్ని కాదు, ఊరికి ఇబ్బంది కానివాణ్ని వెతుకుతుంది. హోటెలింగ్ చెప్పిన నడిమధ్య ఇక్కడ వాడలో ఉండదు, ఊళ్లో ఉంటుంది. మూడు పార్టీల అభ్యర్థులూ ఒకేలా కనిపించడానికి, కండువా మారినా ఎవరికీ పెద్దగా తేడా తెలియకపోవడానికి కారణాల్లో ఇది ఒకటి.

అంబేడ్కర్ దీన్ని ముందే చూశారు. 1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి ఓటుతో 148 రిజర్వుడు సీట్లు వచ్చాయి. అయితే అందులో ఒక చిన్న కిటికీ మిగిలింది. రిజర్వుడు స్థానంలో మొదట అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురి ప్యానెల్‌ను ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని తర్వాత అందరూ కలిసి ఎన్నుకుంటారు. బ్రిటిష్ ఇండియాలో 1937లో, 1945-46లో ఈ పద్ధతి నడిచింది. అదీ సరిపోలేదు. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ప్రాథమిక ఎన్నికల్లో నిలదొక్కుకున్న చోట కూడా ఉమ్మడి ఓటులో దెబ్బతింది. రాజ్యాంగం వచ్చాక ఆ కిటికీ కూడా మూసుకుంది. నిజాం ఏలుబడిలో ఉన్న వరంగల్ దాన్ని ఎన్నడూ చూడనేలేదు. 1952లో ఉత్తర బొంబాయిలో స్వయంగా అంబేడ్కరే కాంగ్రెస్ దళిత అభ్యర్థి కజ్రోల్కర్ చేతిలో సుమారు 14 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1982లో కాన్షీరామ్ ‘చంచా యుగం’ పుస్తకాన్ని పూనా ఒప్పందానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో రాసింది ఈ గాయం గురించే.

ఇక గెలిచినవాళ్లు పార్టీ మారితే అడ్డుకునే చట్టం ఉన్నా దాని వేగం మనకు తెలిసిందే. పార్టీ ఫిరాయించారన్న ఆరోపణలున్న పదిమంది ఎమ్మెల్యేల మీద మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు తెలంగాణ స్పీకర్‌కు చెప్పింది 2025 జులై 31న. కడియం శ్రీహరి పేరు ఆ పదిమందిలో ఉంది. అప్పటికి ఆయన కాంగ్రెస్‌లో చేరి పదహారు నెలలైంది.

నోటా, రెండో ప్రాధాన్యం

విద్యార్థి సభల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న నోటా. 2013 సెప్టెంబరు 27న పీయూసీఎల్ కేసు తీర్పుతో అది వచ్చింది. దాని బలం ఎంతో 2024లో ఇండోర్ చూపింది. కాంగ్రెస్ అభ్యర్థి చివరి నిమిషంలో తప్పుకోవడంతో అక్కడ 2,18,674 మంది నోటా నొక్కారు. బీజేపీ అభ్యర్థి ఎప్పటిలాగే ఎంపీ అయ్యారు. నోటాకు ఎన్ని వచ్చినా మిగిలినవాళ్లలో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. హర్యానా 2018 మున్సిపల్ ఎన్నికల్లో నోటాను ఒక అభ్యర్థిలా లెక్కించి, అదే గెలిస్తే మళ్లీ ఎన్నిక పెట్టాలన్న నియమం తెచ్చింది. లోక్‌సభకు అది లేదు. ఓటు పోగొట్టుకోవడం ఇష్టంలేని వాడ మనిషికి నోటా నచ్చకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఓటేసే హక్కు తాతలకు లేదని గుర్తున్న ఇళ్లవి.

నచ్చని అభ్యర్థుల మధ్య ఎంపికకు అంతకంటే పనికొచ్చే పద్ధతి ఒకటి వరంగల్‌లోనే నడుస్తోంది. వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటరు 1, 2, 3 అని ప్రాధాన్యాలు రాయొచ్చు. 2021 మార్చిలో 71 మంది పోటీ చేసినప్పుడు తొలి ప్రాధాన్యంతో ఎవరూ గెలవలేదు. కిందివాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్ల ఓట్లు బదిలీ చేస్తూ పోతే పల్లా రాజేశ్వర్‌రెడ్డి గెలిచారు, తీన్మార్ మల్లన్న రెండో స్థానంలో ఆగారు. 2024 మే 27 ఉప ఎన్నికలో మల్లన్న కూడా రెండో ప్రాధాన్యపు ఓట్ల దాకా వెళ్లే గెలిచారు. ఇందులో ఓటరు మనసుకు నచ్చినవాడికి 1 ఇచ్చి, ముప్పు కానివాడికి 2 ఇవ్వొచ్చు. ఓటు వృథా అవుతుందన్న బెంగ ఉండదు.

రాష్ట్రపతిని ఎన్నుకునేదీ ఈ ప్రాధాన్యపు ఓటుతోనే. 2017లో రామ్‌నాథ్ కోవింద్, మీరా కుమార్ ఇద్దరూ దళితులే అయినప్పుడు ‘దళితుడా కాదా’ అన్న ప్రశ్న పోయి ‘ఏ దళితుడు, ఎవరి దళితుడు’ అన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబు చెప్పింది ఎంపీలు, ఎమ్మెల్యేలు.

డిగ్రీ ఉన్నవాడికి రెండో ప్రాధాన్యం ఉంది. ఎంపీకి, ఎమ్మెల్యేకి ఉంది. రోజంతా పత్తి ఏరి, సాయంత్రం లైన్లో నిలబడి మా అమ్మ వేసే ఓటుకు ఒకే మీట ఉంది.