మనకూ ఒక తీరం ఉంది

మన నంద్యాల జిల్లాకు సముద్రం లేదు. అయినా నీటి ఒడ్డున ఒక రోజు గడపాలంటే జూపాడు బంగ్లా వాళ్లం దూరం పోనక్కరలేదు. శ్రీశైలం జలాశయం వెనుక జలాలు మన మండలం దాకా వస్తాయి. నీటిమట్టం 885 అడుగులకు చేరి జలాశయం నిండిందంటే చూడడానికి రెండు కళ్లూ చాలవు. ఈ నీళ్లు నిలిచింది 1980ల తొలినాళ్లలో. అంటే ఈ తీరం వయసులో మన సంఘం కంటే చిన్నది.

గత వేసవి సెలవుల్లో ముగ్గురు సహాధ్యాయులతో కలిసి ఒక రోజంతా ఈ ఒడ్డు వెంట తిరిగాను. పొద్దున్నే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ చూశాం. గేట్ల అడుగు మట్టం 841 అడుగులు. జలాశయం అంతకంటే దిగితే కాలువకు చుక్క రాదు. ఇక్కడి నీరు బనకచెర్ల చేరి తెలుగుగంగ, శ్రీశైలం కుడి కాలువ, కేసీ కాలువలకు చీలుతుంది. మద్రాసు దాహం తీర్చడానికి మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు ఇస్తామని ఒప్పుకున్నది 1976లో. ఆ నీరు పూండి జలాశయం చేరింది 1996లో. మొదట నాలుగు గేట్లే ఉన్న ఈ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 44 వేల క్యూసెక్కులకు పెంచాలని 2005లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

మధ్యాహ్నం ఆత్మకూరు మీదుగా సంగమేశ్వరం వెళ్లాం. సప్తనదుల సంగమంగా పేరున్న ఈ క్షేత్రంలో స్వామిది వేపమాను లింగం. జలాశయంలో మునిగిన గుడి ఏళ్ల తరబడి కనబడకుండా పోయి, 2003లో మళ్లీ బయటపడింది. ఇప్పుడు నీరు తగ్గిన నెలల్లోనే దర్శనం. మిగతా కాలమంతా ఒడ్డు మీది గుడిలోనే పూజలు.

బురద ఆరిన నేల మీద గోడల ఆనవాళ్లు చూస్తుంటే ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. "ఆడ మా కల్లం ఉండె నాయనా" అని నీళ్లవైపు చెయ్యి చూపాడు. మేం ఇంకేమీ అడగలేకపోయాం.

కృష్ణా, తుంగభద్రలు కలిసేచోట కూడవెల్లిలో ఉన్న చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. ఊళ్లను అలా తరలించలేదు. లక్ష మందికి పైగా జనం ఇళ్లు, పొలాలు వదిలి తలో దిక్కు పోయారు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే జీవో 98 వచ్చింది 1986లో, నీళ్లు నిండిన కొన్నేళ్ల తర్వాత.

మా తరగతిలోనూ ముంపు ఊళ్ల పిల్లలు చేరారు. హాజరుపట్టీలో వాళ్ల కొత్త చిరునామాలే ఉన్నాయి. కాలువ నీళ్లతో పంట పండించుకున్న ఇళ్ల పిల్లలం, నీళ్లకు ఇల్లు వదిలిన పిల్లలం ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నాం. ఆ మిత్రులకు నా మనవి ఒక్కటే: మీ పాత ఊరి పేరు, వీధులు, గుడి, బావి, వదిలి వచ్చిన సంవత్సరం ఒక కాగితం మీద రాసి సంఘానికి ఇవ్వండి. చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నారు.